రెండుసార్లు తడితే

"తప్పంతా నాదే అని రాసిందండీ మీ కూతురు! వినబడుతోందా? తప్పంతా నాదే అట!"

కోడలు కాగితాన్ని గాల్లో ఊపుతోంది. మనవరాలి తలగడకి గలీబు మారుస్తుంటే అందులోంచి జారిపడిందట.

మావాడు తలెత్తలేదు. కంచంలో రొట్టె అంచు తుంచాడు, నోటిదాకా తీసుకెళ్ళాడు, మళ్ళీ కంచంలోనే పెట్టాడు. ఆరు రోజులుగా ఇదే వరస. వాడు తింటున్నాడో, రొట్టెకి పోస్టుమార్టం చేస్తున్నాడో తెలియడం లేదు.

"చదవనా? చదువుతా, వినండి. 'శిక్షణలో నాకు అన్నీ నేర్పారు. ఆఖరి రోజు పాఠం కూడా నేర్పారు. సమయానికి నేనే మరిచిపోయాను. జరిగినదానికి బాధ్యత పూర్తిగా నాది.' కింద సంతకం. ఎడం చేత్తో పెట్టింది పాపం, కోడి గీరినట్టుంది."

"అరవకు. దానికి వినబడుతుంది."

"వినబడాలనే అరుస్తున్నా. పది గంటలకి విచారణ. తొమ్మిదిన్నరకి జీపు వస్తుంది. ఈ కాగితం అక్కడ ఇచ్చిందంటే సాయంత్రానికి దాని ఉద్యోగం ఉండదు. మీరు మాట్లాడరు, అది మాట్లాడదు. మధ్యలో నేను గోడలతో మాట్లాడుకోవాలా?"

మావాడు కంచం పక్కకి తోసి లేచాడు. చెయ్యి కడుక్కుని, గుమ్మం దగ్గరున్న తెల్ల బూట్లు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. దిగులొస్తే వాడు బూట్లు తోముతాడు. చిన్నప్పుడు పలక తుడిచేవాడు. పలక అరిగిపోయింది గానీ దిగులు అరుగుతుందా?

"చూశారా అత్తయ్యా, మీ అబ్బాయి వరస!"

చూడకేం, యాభై ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. వాళ్ళ నాన్నా ఇంతే. ఆయన తాళాలు బాగుచేసేవాడు. ఎంత మొండి తాళమైనా చెవి దగ్గర పెట్టుకుని విని, సన్న కడ్డీతో తీసేసేవాడు. తన నోటి తాళంచెవి మాత్రం ఎక్కడ పెట్టాడో పోయేదాకా నాకు దొరకలేదు. ఆ తాళమే కొడుక్కి వచ్చింది. కొడుకు నుంచి మనవరాలికి. ఆస్తులంటే ఇవే మాకు.

"ఆ కాగితం ఇలా ఇవ్వు," అన్నాను కోడలితో. "నా దగ్గరుంటుంది."

మడిచి కొంగు చివర ముడి వేసుకున్నాను.

ఆరు రోజుల కిందట జరిగింది ఊరంతా ఫోన్లలో చూసింది. మందుల కొట్టాయన్ని కత్తితో పొడిచి, రెండు నెలలుగా దొరక్కుండా తిరుగుతున్న మనిషిని బస్టాండు వెనక సందులో, కానిస్టేబులుగా కొత్తగా చేరిన నా మనవరాలు పట్టుకుంది. ఒక్కతే. ఆరడుగుల మనిషిని బోర్లా పడేసి, ఒక చెయ్యి వీపు మీదికి మడిచి, మోకాలు ఆనించి, వెయ్యడానికి నడుం దగ్గర్నుంచి బేడీలు తీస్తోంది. వాడు చెంప రోడ్డుకి ఆనించుకుని, రెండో అరచేత్తో నేల మీద తట్టాడు. ఒకటి, రెండు. అంతే. దీని చెయ్యి తెరుచుకుంది. వాడు లేచి, దీన్ని ఎత్తి కాలవ గట్టుకేసి కొట్టి పారిపోయాడు. ఇప్పటికీ దొరకలేదు. దీని భుజం దగ్గర ఎముక రెండు ముక్కలు.

భయపడి వదిలేసింది అన్నారు చూసినవాళ్ళు. కావాలనే వదిలేసింది అన్నారు ఇంకొందరు. పక్కింటావిడ అయితే పాలు తీసుకుంటూ నా మొహం మీదే, "ఆడపిల్లలకెందుకమ్మా ఇలాంటి పనులు" అంది. నీ మొగుడికి ఏ పనీ ఎందుకు లేదో ముందు అది చూసుకో అని నేనూ అన్నాను. అనకూడదు. అన్నాను.

అది భయమూ కాదు, బేరమూ కాదని మా నలుగురికీ తెలుసు. అది అలవాటు. మనుషుల్ని పట్టుకోవడం, కదలకుండా ఆపడం, బేడీలు వెయ్యడం, ఇవి పోలీసుల్లో కొత్తగా చేరిన పిల్లలకి నేర్పే హాలు మావాడిది. ఇరవై రెండేళ్ళుగా అక్కడ వాడు మాస్టారు. మిలటరీ వాళ్ళు కూడా వచ్చి నేర్చుకుని పోతారు. ఆ హాలు గోడ మీద గుమ్మడికాయంత అక్షరాలతో రాసుంటుంది: రెండుసార్లు తడితే వదలాలి.

ఒకరి మీద ఒకరు పట్లు వేసుకుని నేర్చుకునే చోట చేతులు విరక్కుండా ఆ నియమం. నొప్పి భరించలేనివాడు మ్యాట్ మీద రెండుసార్లు తడతాడు. పట్టినవాడు ఆ క్షణమే వదిలెయ్యాలి. తొమ్మిది నెలలు పొద్దున్నా సాయంత్రం ఇదే. చివరికి చప్పుడు వినబడితే చాలు, మనిషి ఆలోచించక్కర్లేదు, చెయ్యే తెరుచుకుంటుంది.

నా మనవరాలి చెయ్యి రోడ్డు మీద కూడా తెరుచుకుంది.

*

పాల గ్లాసు తీసుకుని దాని గదిలోకి వెళ్ళాను. మంచం అంచున కూచుని ఎడం చేత్తో యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటోంది. కుడి చెయ్యి మెడకి కట్టిన పట్టీలో ఉంది. కుడి చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడుతోంది.

"ఇలా రావే పిడికిలీ, నేను పెడతా."

పిడికిలి అని పేరు పెట్టింది వాళ్ళ తాతయ్య. పుట్టిన మూడు రోజులదాకా గుప్పిళ్ళు విప్పలేదు ఇది. నర్సు వేలు, డాక్టరు గొట్టం, ఏది దొరికితే అది పట్టుకునేది. ఇది తాళం కాదే, తాళాల గుత్తి అన్నాడాయన.

"సార్ కోపంగా ఉన్నారా నానమ్మా?"

"ఏ సారు? మా ఇంట్లో సార్లెవరూ లేరే. ఇక్కడ ఒక నాన్న ఉండేవాడు, ఏడాదిగా కనబడటం లేదు."

నవ్వలేదు. ఆ గొడవ నాకు కొత్త కాదు. ఇది శిక్షణలో చేరిన రోజున హాలు గుమ్మంలోనే మావాడు అన్నాడట: "ఇక్కడ నాన్న లేడు. నువ్వు ఇరవై ఆరో నంబరువి. నేను సార్ ని." మంచిదే, పదిమంది పిల్లల ముందు పక్షపాతం ఉండకూడదు. కానీ ఇది మొండిఘటం. ఆదివారం ఇంటికొచ్చినా "సార్, పేపరు చదివేశారా? సార్, సబ్బు అయిపోయింది." మానెయ్యమని వాడు అడగలేదు. అడగలేదు కదా అని ఇది మానలేదు. శిక్షణ తొమ్మిది నెలలు, బయట ఉద్యోగం నాలుగు నెలలు. పదమూడు నెలలైంది నా కొడుకుని ఈ ఇంట్లో ఎవరైనా "నాన్నా" అని పిలిచి. వాడు పెరట్లో ఉన్నప్పుడు వీధిలో ఏ పిల్లయినా అలా కేకేస్తే తోముతున్న బూటు ఆగిపోతుంది. నేను చూశాను.

"నా కాగితం అమ్మ దగ్గరుందా?"

"నా దగ్గరుంది."

"ఇచ్చెయ్ నానమ్మా. మళ్ళీ రాయాలంటే ఎడం చేత్తో గంట పడుతుంది."

"ఎందుకు రాశావే అలాగ?"

"అదే నిజం కాబట్టి."

ఆ మాట అంటూ కిటికీ వైపు చూసింది. కిటికీలోంచి పెరడు కనబడుతుంది. పెరట్లో వంగిన వీపు, దాని కింద కదులుతున్న బ్రష్షు.

*

ఎనిమిదిన్నరకి రైటరు వచ్చాడు. హాల్లో రికార్డులు రాసే మనిషి. మావాడి మొట్టమొదటి బ్యాచ్ వాడు. బట్టతల, బొజ్జ, చేతిలో గుడ్డ సంచి. మనిషి కష్టంలో వచ్చినా నవ్విస్తూనే వస్తాడు.

"పెద్దమ్మా, టీ ఉందా, మీ కోడలుగారు నన్ను కూడా తిడతారా?"

"రెండూ దొరుకుతాయి, కూచో," అంది కోడలు లోపల్నుంచి.

సంచిలోంచి రిజిస్టరు తీశాడు. విచారణలో చూపించడానికి అడిగారట. మావాడు పెరట్లోంచి రాలేదు. రైటరు గొంతు తగ్గించాడు.

"పై అధికారుల ప్రశ్న ఒక్కటే పెద్దమ్మా. అమ్మాయికి ఆఖరి రోజు పాఠం చెప్పారా, లేదా? చెప్పుంటే తప్పు అమ్మాయిది. ప్రొబేషన్ లో ఉంది కాబట్టి నేరుగా ఇంటికే. చెప్పకుండా సార్ సంతకం పెట్టారంటే, అమ్మాయి తప్పేం లేదు, మళ్ళీ నేర్పించి పంపుతారు. కానీ సార్ కి హాలు పోతుంది. రిటైరవడానికి పదహారు నెలలుంది, ఆ చివరి రోజు దండ కూడా ఉండదు. ఇరవై రెండేళ్ళ రిజిస్టర్లన్నీ అబద్ధమేనా అని తవ్వుతారు."

"మరి చెప్పాడా లేదా?"

"చెప్పకేం! ఇదిగో, ఇరవై ఆరు నంబర్లు, ఇరవై ఆరు సంతకాలు. సార్ సంగతి తెలీదా మీకు? ఒక్క బ్యాచ్ లో ఒక్కణ్ణి వదలరు."

"అసలేమిటయ్యా ఆ పాఠం? వాడు ఇంట్లో ఎప్పుడూ చెప్పడు."

రైటరు మొహం వెలిగింది. టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఆఖరి రోజు సార్ ఒక్కొక్కరినీ పిలుస్తారు. ఇవాళ నేను దొంగని, నన్ను పట్టుకో అంటారు. మనం పట్టుకుంటాం. చెయ్యి వెనక్కి మడుస్తాం. అబ్బా, సార్ చెయ్యే మడిచాం అని లోపల పొంగిపోతూ ఉంటాం. అప్పుడు సార్ మ్యాట్ మీద రెండుసార్లు తడతారు."

"మీరు వదిలేస్తారు."

"వదలమా మరి! తొమ్మిది నెలల అలవాటు. వదలగానే ఒక్క విసురు. అదిగో, ఆ గుమ్మం అంత దూరం వెళ్ళి పడతాం. సార్ పైనుంచి చూసి ఒకే మాట అంటారు: బయట ఈ తట్టడాలు లేవు. మళ్ళీ పట్టుకోమంటారు. మళ్ళీ తడతారు. ఈసారి చచ్చినా వదలం. అంతే, పాఠం అయిపోయింది. ఇరవై రెండేళ్ళయింది పెద్దమ్మా, వాన వస్తే ఇక్కడ ఇప్పటికీ సలుపుతుంది."

నడుం రుద్దుకుంటూ నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల్నుంచి కోడలు కూడా నవ్విన చప్పుడైంది, ఆరు రోజుల తరవాత.

గది గుమ్మంలో మనవరాలు నిలబడి వింటోంది. అది నవ్వలేదు.

మావాడి దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎంతమందిని చూశాను ఈ ఇంట్లో. పెళ్ళి కార్డు ఇవ్వడానికి వచ్చినవాడు, బదిలీ అయిందని చెప్పడానికి వచ్చినవాడు. ఆ రోజు మాట వస్తే చాలు, ఒకడు మోచెయ్యి తడుముకుంటాడు, ఒకడు తుంటి రుద్దుకుంటాడు, ఒకమ్మాయి తల వెనక బొప్పి కట్టిన చోటు వెతుక్కుంటుంది. అందరికీ ఒంటి మీద ఒక చోటు ఉంటుంది. అదెందుకో ఇప్పుడు తెలిసింది.

నా పిడికిలి చెయ్యి మాత్రం ఒంటి మీద ఏ చోటికీ వెళ్ళలేదు.

*

రైటరు జీపు తేవడానికి వెళ్ళాక దాని పక్కన కూచున్నాను.

"నువ్వెక్కడ పడ్డావే ఆ రోజు?"

"అంటే?"

"సారు విసిరితే ఒంట్లో ఎక్కడ తగిలింది నీకు?"

వేలాడుతున్న ఖాళీ చొక్కా చేతిని ఎడం చేత్తో మడతలు పెడుతోంది, విప్పుతోంది.

"నన్ను పడెయ్యలేదు నానమ్మా."

"ఊ."

"ఇరవై ఐదో నంబరు అయిపోయింది. నేను మ్యాట్ మీదికి వెళ్ళి నిలబడ్డాను. నన్ను చూశారు. 'తరవాత' అన్నారు. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. అందరూ బట్టలు మార్చుకున్నారు, ఫోటోలు దిగారు. నేను అక్కడే ఉన్నాను. సార్ మ్యాట్లు చుట్టడం మొదలెట్టారు. ఆయనే చుడతారు కదా, ఎవర్నీ ముట్టుకోనివ్వరు. ఆఖరి మ్యాట్ కూడా చుట్టేశాక, నువ్వింకా వెళ్ళలేదా, వాన వచ్చేలా ఉంది అన్నారు."

"నువ్వు అడగలేదూ?"

"ఏమని అడగను?" పెట్టిన మడత మళ్ళీ విప్పింది. "నీకో మాట చెప్పనా? తొమ్మిది నెలల్లో ఒక్కరోజు కూడా నన్ను పిలవలేదు. కొత్త పట్టు చూపించాలంటే ముందు ఒకరి చెయ్యి పట్టుకుంటారు. మూడో నంబరు, రా. పదకొండు, రా. నేను రోజూ ముందు వరసలో నిలబడేదాన్ని. ఇవాళ నా చెయ్యి పట్టుకుంటారేమో అని. నేర్చుకోడానికి కాదు. పట్టుకుంటారేమోనని."

పాల మీద మీగడ కట్టింది. అది తాగలేదు. నేను తాగమనలేదు.

"మరి నేర్పారని ఎందుకు రాశావే పిచ్చిదానా?"

"హాలు లేకపోతే సార్ ఏం చేస్తారు నానమ్మా? ఎన్నని బూట్లు తోముతారు?"

*

పెరట్లోకి వెళ్ళేసరికి బూట్లు ఎండలో ఆరుతున్నాయి. పాలలా ఉన్నాయి. మావాడు రాతి మీద కూచుని తన చేతుల్ని చూసుకుంటున్నాడు. వేళ్ళన్నీ ఎప్పుడో ఒకప్పుడు విరిగి అతుక్కున్నవే. ఒక్కటీ తిన్నగా ఉండదు. ఎముక విరగకుండా మనిషిని ఎలా ఆపాలో ఊరందరికీ నేర్పి, తనవి మాత్రం అన్నీ విరగ్గొట్టుకున్నాడు.

"ఒరేయ్," అన్నాను, "దానికి ఆ పాఠం చెప్పలేదుట కదా."

"చెప్పిందా నీకు?"

"చెప్పలేదు, నేనే లాగాను. నా దగ్గరా ఉన్నాయిలే కొన్ని పట్లు."

చొక్కా జేబులోంచి మడిచిన కాగితం సగం తీసి చూపించి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "నేనూ రాశానమ్మా. నేర్పలేదు, నేర్పినట్టు సంతకం పెట్టాను అని రాశాను. దాని కాగితం నువ్వు తీసుకున్నట్టు వినబడింది. చించెయ్. రెండూ వెళ్తే ఒకరిని కాపాడటానికి ఒకరు అబద్ధం ఆడుతున్నారంటారు. ఇద్దరం పోతాం."

"చించుతాలే. ముందు ఇది చెప్పు. ఎందుకు చెయ్యలేదు?"

బూటు ఒకటి అందుకుని ఎండ వైపు తిప్పి పెట్టాడు. నేను తొందరపెట్టలేదు. వాళ్ళ నాన్న తాళం తీసేటప్పుడు పక్కన ఊపిరి కూడా గట్టిగా తియ్యనిచ్చేవాడు కాదు.

"చిన్నప్పుడు నేను డ్యూటీ నుంచి రాగానే ఎత్తుకునేవాణ్ణి, గుర్తుందా? నలిపేసేవాణ్ణి. అది నా వీపు మీద రెండుసార్లు తట్టేది. తడితే దించెయ్యాలి. అదీ మా ఆట. ఎంత ముద్దొచ్చినా, ఇంకాసేపు ఉంచుకోవాలని ఎంత ఉన్నా, తట్టగానే దించేవాణ్ణి. ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదమ్మా."

"ఊ."

"ఆ రోజు అది వచ్చి మ్యాట్ మీద నిలబడింది. అది నన్ను పట్టుకోవాలి, నేను తట్టాలి. తడితే వదులుతుంది. నాన్న తట్టాడు కదా అని నమ్మి వదులుతుంది. అలా వదిలిన పిల్లని నేను ఎత్తి విసరాలి. అదీ ఆ పాఠం. ఇరవై రెండేళ్ళలో ఎంతమందినో విసిరాను, ఎవరి అమ్మానాన్నలు ఏమనుకుంటారో ఒక్కసారి ఆలోచించలేదు. దాని దగ్గరికొచ్చేసరికి..."

అరచేతులు బోర్లా తిప్పుకున్నాడు.

"మెత్తటి మ్యాట్ మీద నేను పడెయ్యలేకపోయాను. రోడ్డు మీద ఇంకొకడు పడేశాడు."

వాడి తల మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వేస్తే ఏడుస్తాడు. ఏడిస్తే కోడలు చూస్తుంది. నేను వంగి బూట్లు తీసి వాడి చేతికిచ్చాను. ఇంకా తడిగానే ఉన్నాయి.

*

మేము లోపలికి వచ్చేసరికి మనవరాలు ముందుగదిలో నిలబడి ఉంది. టోపీ పెట్టుకుంది. కిటికీ తెరిచి ఉంది. పెరట్లో మాటలు అన్నీ కాకపోయినా కావలసినవి విన్నదని దాని కళ్ళే చెబుతున్నాయి.

"జేబులో కాగితం చించెయ్యండి సార్."

"ముందు నీది చించు."

"నాది నిజం."

"నీది నిజమా? నేనే చెప్పలేదంటుంటే నేర్పారని రాస్తే నిజమెలా అవుతుంది?"

"మీరు సంతకం పెట్టారు. మీ సంతకం అబద్ధం ఎలా అవుతుంది?"

ఆరు రోజుల తరవాత వాళ్ళిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకున్న మాటలివి. పోట్లాటే అయినా నా ప్రాణం కుదుటపడింది. కోడలు మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుంది.

"చించండి, ఇద్దరూ చించండి! ఇరవై రెండేళ్ళుగా నా చెవులు ఎలాగూ చిల్లులు పడ్డాయి, ఈ హాలు, ఈ పట్లు, ఈ సార్లు! జీపు వచ్చే వేళయింది, ఒక మాట మీదికి రండి ముందు!"

మనవరాలు అమ్మ వైపు చూడలేదు. మావాడి ముందుకి వచ్చి ఎడం చెయ్యి చాపింది.

"నా పాఠం మిగిలిపోయింది సార్. ఇప్పుడు చెప్పండి. అప్పుడు సంతకం అబద్ధం కాదు."

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంది దీని న్యాయం అనుకున్నాను. అది దానికీ తెలుసు. తెలిసీ చెయ్యి చాపే ఉంచింది.

"అలా కుదరదు," అన్నాడు మావాడు. వాడి గొంతు హాల్లో గొంతులా ఉండాలని చూసింది గానీ అవలేదు. "మొదటిసారి వదలాలి. వదిలి పడాలి. ఆ తరవాతే వదలకుండా ఉండటం."

"ఆ సగం రోడ్డు మీద అయిపోయింది. రెండో సగం చాలు."

"చెయ్యి బాగోలేదు నీకు."

"ఒకటి బాగానే ఉంది."

గడియారం తొమ్మిదీ ఇరవై ఐదు చూపిస్తోంది. మావాడు నా వైపు చూశాడు. బళ్ళో అడుగుపెట్టిన మొదటి రోజు కూడా ఇలాగే చూశాడు, వెళ్ళనా అని. నేను తల ఊపాను. ఏం తెలుసని ఊపానో, ఆ తలకే తెలియాలి.

కుడి చెయ్యి ముందుకి చాపాడు.

పదమూడు నెలల తరవాత ఆ పిల్ల వాళ్ళ నాన్న మణికట్టు పట్టుకుంది. ఒక్క క్షణం ఊరికే పట్టుకుని ఉంది, బస్టాండులో చిన్నపిల్లలు పట్టుకుంటారే, అలాగ. తరవాత తిప్పింది. చెయ్యి వీపు మీదికి మడిచి వాణ్ణి గోడకి ఆనించింది. వాడు పొడుగు, అది పొట్టి. దానికి అందేలా వాడు మోకాళ్ళు కొంచెం వంచాడు. దొంగ అలా వంగుతాడా ఎక్కడైనా?

"తట్టండి సార్."

ఎడం అరచెయ్యి పైకెత్తాడు. గోడ మీద తట్టాడు. ఒకటి, రెండు. సున్నం కొంచెం రాలింది.

దాని వేళ్ళు ఒక్కసారి అదిరాయి. తెరుచుకోబోయి మళ్ళీ బిగిశాయి.

వదల్లేదు.

మళ్ళీ తట్టాడు. ఈసారి మెల్లిగా, పడుకోబెట్టేటప్పుడు పిల్లల్ని తట్టినట్టు. ఒకటి, రెండు.

వదల్లేదు. దాని టోపీ జారి కింద పడింది. నుదురు వాడి వీపుకి ఆనింది. చిన్నప్పుడు ఆ వీపు మీదే తట్టేది, దించెయ్యమని.

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

మావాడి ఎడం చెయ్యి గోడ మీంచి జారింది. చొక్కా జేబు దగ్గరికి వచ్చి, కాగితం మీద ఆగింది. బయటికి తియ్యడు, వదలడు. అలా అదిమి పట్టుకున్నాడు. నా చెయ్యి కూడా నాకు తెలియకుండానే కొంగు ముడి మీద ఉంది, ఇంకో కాగితం మీద.

వీధిలో జీపు ఆగిన చప్పుడైంది.

"వదులు తల్లీ," అన్నాడు వాడు గోడ వైపు తిరిగే. "వచ్చేశారు."

"వదలను నాన్నా."

గేటు దగ్గర హారన్ మోగింది. ఒకటి. రెండు.

మా ముగ్గురిలో ఎవరి చెయ్యీ తెరుచుకోలేదు.